కర్నూలులో బస: ఊళ్లో లాడ్జా, హైవే మీద చైన్ హోటలా?

మంత్రాలయం, యాగంటి, బెలూం గుహలు, అలంపురం కలిపి రెండు మూడు రోజుల ప్రోగ్రాం వేసుకునేవాళ్లు గది బుక్ చేసే దగ్గరికి వచ్చేసరికి కర్నూలులో ఆగిపోతారు. బస్టాండు చుట్టుపక్కల, రాజ్‌విహార్ వైపు పాత లాడ్జీలు బోలెడు. ఊరు దాటాక హైవే పక్కన, నంద్యాల రోడ్డు మీద కొత్తగా లేచిన మధ్యస్థాయి హోటళ్లు. పేరున్న చైన్ బోర్డు, ముందు విశాలమైన పార్కింగు, అద్దాల రిసెప్షను. ఫోన్‌లో ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే మనసు రెండో దాని వైపే లాగుతుంది. అంతలో ఇంట్లో ఎవరో ఒకరు "సెంటర్‌కి దూరం కదా" అంటారు. మళ్లీ మొదటికొస్తుంది కథ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కర్నూలులో సెంటర్‌కి ఎంత దూరం అని లెక్కేసుకోవడం వల్ల పెద్దగా లాభం లేదు. రేపు పొద్దున ఏ రోడ్డు ఎక్కాలి, సొంత బండిలోనా బస్సులోనా అన్నది తేల్చుకోండి. సగం హోటళ్లు అక్కడే లిస్టులోంచి పోతాయి.

సెంటర్‌లో ఉండి ఏం చూస్తాం?

ఊరి నడిబొడ్డున కొండారెడ్డి బురుజు ఉంది. పైకెక్కి నాలుగు దిక్కులూ చూసి, ఫొటోలు దిగి కిందికి రావడానికి గంట చాలు. హంద్రీ ఒడ్డున గోపాల్ దర్వాజా అని పిలిచే అబ్దుల్ వహాబ్ సమాధి ఉంది. తుంగభద్ర ఒడ్డున సాయిబాబా గుడి ఉంది. అన్నీ కలిపి ఒక సాయంత్రం పని. 1953 అక్టోబరు 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఈ ఊరే ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆనాటి ఉద్యోగుల కోసం వెలిసిన ఎ, బి, సి క్యాంపుల పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఆటో ఎక్కి "సి క్యాంప్" అంటే చాలు, ఇంకో మాట అడగరు. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు అదొక ముచ్చట. దానికోసం గది సెంటర్‌లోనే తీసుకోవాల్సిన పని లేదు.

జనం కర్నూలుకు వచ్చేది కర్నూలు చూడ్డానికి కాదు. మంత్రాలయం ఇక్కడికి దాదాపు 100 కిలోమీటర్లు. యాగంటి కూడా అంతే. బెలూం ఇంకో పది ఎక్కువ. శ్రీశైలం 180 దాకా ఉంటుంది. దగ్గరలో ఉన్నవి రెండే: హైదరాబాద్ వైపు పాతిక కిలోమీటర్లలో అలంపురం, నంద్యాల వైపు దాదాపు అంతే దూరంలో ఓర్వకల్లు రాతివనాలు. అంటే ఎక్కడ గది తీసుకున్నా చూడాల్సినవాటికి మీరు దూరంగానే ఉంటారు. ఊరి మధ్యలో ఉన్నందుకు దక్కేది వేరే. నడిచి వెళ్లేంత దూరంలో టిఫిన్, మందుల షాపు, ఏటీఎం, ఏ వేళకైనా ఒక ఆటో, బస్టాండు. ఇవి మీకు ఎంత అవసరమో, ఊళ్లో గదికి విలువ అంతే.

చైన్ బోర్డు ఉంటే ఏం వస్తుంది?

హైదరాబాద్, బెంగళూరుల్లో చైన్ హోటల్ అంటే కంపెనీయే కట్టి నడిపేది కావచ్చు. మన జిల్లా కేంద్రాల్లో సాధారణంగా జరిగేది వేరు. బిల్డింగు ఊళ్లోని ఆసామిది, పేరు కంపెనీది. పరుపు, దుప్పట్లు, బుకింగ్ సాఫ్ట్‌వేర్, సబ్బు షాంపూల దాకా కంపెనీ పద్ధతి ఉంటుంది. జనరేటరు, లిఫ్టు మరమ్మతు, నీళ్ల ట్యాంకు, రాత్రి కౌంటర్‌లో కూర్చునే కుర్రాడు మాత్రం ఓనర్ చేతిలోనే. ఇంకో రకం కూడా ఉంది. పాత లాడ్జీకే ఒక యాప్ కంపెనీ బోర్డు తగిలించి, రెండు గోడలకు రంగేసి, ఫొటోలు కొత్తగా తీసి పెడతారు. అందుకే బ్రాండ్ పేరు చూసి సగమే నమ్మాలి. మిగతా సగం గత రెండు మూడు నెలల్లో రాసిన రివ్యూల్లో దొరుకుతుంది. రేటింగ్ స్టార్లు లెక్కపెట్టకండి. వేడినీళ్లు, లిఫ్టు, దుప్పటి, కరెంటు అనే మాటలు ఎక్కడొచ్చాయో వెతికి అవి చదవండి.

అయినా బోర్డు వల్ల ఒరిగేది కొంత ఉంది. దుప్పటి తెల్లగా ఉంటుంది, ఉతికి ఉంటుంది. బాత్రూంలో గీజరు మన చేతిలో ఉంటుంది. పాత లాడ్జీల్లో చాలాచోట్ల "వేడినీళ్లు ఉదయం ఐదు నుంచి తొమ్మిది వరకు" అని బాత్రూం తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికల్లా తలస్నానం చేసి మంత్రాలయం బయల్దేరాలనుకున్నవాళ్లకు ఆ కాగితం ఒక్కటే పెద్ద తలనొప్పి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే లిఫ్టు, వెస్ట్రన్ టాయిలెట్, బాత్రూంలో జారని నేల అసలైన సౌకర్యాలు. ఈ మూడూ కొత్త బిల్డింగుల్లోనే నమ్మకంగా దొరుకుతాయి.

ట్యాక్స్ విషయంలో ఇప్పుడు లాడ్జీకీ చైన్‌కీ తేడా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు ఉన్న గదులన్నింటికీ జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు 12 ఉండేది. ఎవరైనా ఇంకా పాత లెక్కన బిల్లు చేతిలో పెడితే అడగండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు 37తో మొదలవ్వాలి, అది మన రాష్ట్రం కోడ్. రెస్టారెంటు బిల్లులో సర్వీస్ చార్జ్ తనంతట తాను వచ్చి కూర్చుంటే తీసేయమనొచ్చు. బలవంతంగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

కారు లేకపోతే

అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది. ఒక లెక్క వేద్దాం. హైవే మీద చైన్ హోటల్ గది 2,800, ట్యాక్స్‌తో 2,940 అనుకుందాం. ఊళ్లో ఏసీ లాడ్జీ 1,500, ట్యాక్స్‌తో 1,575. తేడా 1,365. చైన్ రేటులో ఇద్దరికి టిఫిన్ కలిసి ఉంటే ఆ మేరకు తగ్గించుకోవచ్చు. కారున్న కుటుంబానికి ఈ తేడా పెద్ద భారం కాదు. మంచి పరుపు, నిశ్చింతగా పార్కింగు వస్తాయి.

బస్సులోనో రైల్లోనో వచ్చినవాళ్లకు ఇదే లెక్క వేరేలా తేలుతుంది. స్టేషన్ నుంచి హోటల్‌కి ఒక ఆటో. సాయంత్రం ఊళ్లోకి రావడానికి ఇంకొకటి, తిరిగి వెళ్లడానికి మరొకటి, మర్నాడు బస్టాండుకి ఇంకోటి. రాత్రి తొమ్మిది దాటాక హైవే హోటల్‌కి రమ్మంటే ఆటో అన్న ఒక్క క్షణం ఆలోచించి, "ఆడినుంచి రిటర్న్ గిరాకీ దొరకదు సార్, రానూపోనూ ఇయ్యండి" అంటాడు. అతని మాటలో తప్పేం లేదు, నిజంగానే దొరకదు. రెండు రోజుల ఆటో ఖర్చు వేసుకుంటే గది మీద తేడా రెట్టింపు దాకా పోతుంది. పైగా పిల్లాడికి జ్వరం వచ్చి రాత్రి పదింటికి ఒక మాత్ర కావాల్సి వస్తే హైవే మీద మెడికల్ షాపు వెతుక్కోవాలి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. చైన్ హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండుకో రెండింటికో గది ఇస్తారు, మర్నాడు పదకొండుకో పన్నెండుకో ఖాళీ చేయాలి. లాడ్జీల్లో చాలావరకు ఇరవై నాలుగు గంటల పద్ధతి. బెంగళూరులో రాత్రి పదింటికి బస్సెక్కితే తెల్లవారుజామున నాలుగు, ఐదింటికి కర్నూలులో దిగుతారు. లాడ్జీలో ఆ ఐదింటి నుంచి మర్నాడు ఐదింటి దాకా గది మీదే. చైన్ హోటల్‌లో ఐదింటికి తలుపు తట్టితే సగం రోజు అద్దె అదనంగా అడుగుతారు, లేదా గది ఖాళీ అయ్యేదాకా సోఫాలో కూర్చోమంటారు. రాత్రి ప్రయాణం చేసి వచ్చేవాళ్లకు లాడ్జీదే పైచేయి, అందులో రెండో మాట లేదు. ఒక చిన్న జాగ్రత్త మాత్రం కావాలి. అదే లాడ్జీని యాప్‌లో బుక్ చేస్తే మధ్యాహ్నం పన్నెండింటికి గది ఇచ్చే పద్ధతి పెట్టొచ్చు. లాడ్జీకే నేరుగా ఫోన్ చేసి మాట్లాడుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

కాచిగూడ నుంచి యశ్వంతపూర్ వెళ్లే వందే భారత్ కర్నూలు సిటీ స్టేషన్‌లో ఆగుతుంది. పగటిపూట ఆ రైల్లో దిగేవాళ్లకు చెక్‌ఇన్ టైం పెద్ద సమస్య కాదు. వాళ్లు స్టేషన్ నుంచి బయటికొచ్చాక ఏ వైపు అద్దె కారు మాట్లాడుకున్నారో దాన్ని బట్టి గది ఎంచుకుంటే సరిపోతుంది.

రేపటి రోడ్డు ఏది?

కారున్నవాళ్లకు హైవే హోటల్ అంటే ఏ హైవేనో ముందు తెలియాలి. "కర్నూలు" అని యాప్‌లో కొడితే ఊరికి ఆ చివర ఉన్నదీ, ఈ చివర ఉన్నదీ ఒకే లిస్టులో వస్తాయి. మ్యాప్‌లో చుక్క ఎక్కడుందో చూడకుండా డబ్బు కట్టొద్దు.

మంత్రాలయం వెళ్లాలంటే బళ్లారి చౌరస్తా నుంచి కోడుమూరు, ఎమ్మిగనూరు మీదుగా దారి. కాబట్టి హైదరాబాద్–బెంగళూరు హైవే మీద, బళ్లారి చౌరస్తాకు దగ్గరలో ఉన్న హోటల్ మంచిది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఊళ్లోకి దిగకుండానే గది చేరుకుంటారు, తెల్లారి అక్కడి నుంచే పక్కకు తిరుగుతారు. బెలూం, యాగంటి ప్లాన్ అయితే దారి నంద్యాల చెక్‌పోస్టు నుంచి. ఓర్వకల్లు మీదుగా పోయి బనగానపల్లె వైపు తిరగాలి. పొద్దున ఆరింటికి ఊళ్లోంచి వెళ్లడం కష్టమేమీ కాదు. సాయంత్రం ఏడింటికి అలిసిపోయి తిరిగొస్తూ, ఊరంతా దాటుకుని అవతలి చివర హోటల్‌కి పోవాలంటేనే విసుగు. అందుకని ఆ రోజుకు నంద్యాల రోడ్డు హోటలే నయం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం కూడా ఓర్వకల్లు దగ్గరే, కాబట్టి విమానంలో వచ్చేవాళ్లకూ ఇదే వైపు. ఓర్వకల్లు సోలార్ పార్కు పని మీదో, జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీలో పిల్లల్ని దించడానికో వచ్చేవాళ్ల సంగతి కూడా అంతే.

అలంపురం కోసం వేరే రోజు పెట్టుకోవద్దు. హైదరాబాద్ నుంచి వస్తూనో, వెళ్తూనో జోగులాంబ దర్శనం చేసుకుని, బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలు చూసి పోవచ్చు. తుంగభద్ర దాటితే తెలంగాణ కాబట్టి జిల్లా, రాష్ట్రం మారతాయి గానీ దూరం మాత్రం ఇంతే.

శ్రీశైలానికి కర్నూలులో పడుకుని వెళ్దామనేవాళ్లను నేను వద్దనే అంటాను. నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా వెళ్లి అడవిలో ఘాట్ రోడ్డు ఎక్కాలి. నల్లమలలో రాత్రిపూట బండ్లను వదలరు. పొద్దున వెళ్లి దర్శనం చేసుకుని, గేటు మూసే వేళకు అడవి దాటాలని గడియారం చూసుకుంటూ పరుగెత్తితే అది యాత్ర కాదు, టెన్షన్. శ్రీశైలంలోనే ఒక రాత్రి ఉండండి. మహానంది, అహోబిలం కూడా అంతే, వాటికి నంద్యాలలో గది తీసుకోవాలి. కర్నూలు నుంచి రోజూ నంద్యాల దాకా పోయి రావడం డీజిల్ దండగ.

గది గుడి దగ్గరే తీసుకుంటే?

ఊళ్లో లాడ్జీ, హైవే హోటల్ అని రెండే అనుకుంటాం గానీ మూడోది కూడా ఉంది. మంత్రాలయంలో మఠం గదులు ఉన్నాయి, ప్రైవేటు లాడ్జీలు ఉన్నాయి. బెలూం గుహల దగ్గర టూరిజం శాఖ హరిత హోటల్ ఉంది.

మంత్రాలయం విషయంలో నా ఓటు మంత్రాలయానికే. తెల్లవారకముందే తుంగభద్రలో స్నానం, తడిబట్టలతో రాఘవేంద్ర స్వామి సమాధి అయిన బృందావనం చుట్టూ ప్రదక్షిణ, మఠంలో భోజనం... ఇవన్నీ అక్కడ పడుకుంటేనే కుదురుతాయి. కర్నూలు నుంచి రెండు రెండున్నర గంటలు ప్రయాణం చేసి వెళ్లేసరికి ఎండెక్కుతుంది, లైను పెరుగుతుంది. చైన్ హోటల్ పరుపు మీద ఎంత హాయిగా పడుకున్నా ఆ తెల్లవారుజాము మాత్రం తిరిగి రాదు. కాకపోతే గురువారం రాఘవేంద్ర స్వామి వారం కాబట్టి బుధవారం సాయంత్రం నుంచే గదులకు కరువు. వారం మధ్యలో ఇంకే రోజైనా చూసుకోండి.

బెలూం సంగతి వేరు. గుహలు తెల్లారి తెరవరు, సాయంత్రానికి మూసేస్తారు. 3,229 మీటర్ల గుహలో మనల్ని తిరగనిచ్చేది కొంత భాగమే, పాతాళగంగ దాకా దిగి ఎక్కేసరికి చెమటతో తడిసిపోతాం. సాయంత్రం ఆ చుట్టుపక్కల చేయడానికి వేరే ఏం లేదు. పగలు చూసి, తిరిగొచ్చి కర్నూలులో చల్లటి గదిలో స్నానం చేయడమే మేలు. యాగంటిని అదే రోజులో కలపొచ్చు, రెండూ ఒకే వైపు.

బుక్ చేసే ముందు ఒక ఫోన్

హైవే హోటళ్ల మీద నాకున్న ఒకే ఒక్క అసలైన ఫిర్యాదు శబ్దం. రోడ్డు వైపు గది ఇస్తే రాత్రి రెండింటికి సర్వీస్ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ దాటే లారీ గేరు మార్చిన చప్పుడు మంచం దాకా వస్తుంది. ఎయిర్ హారన్ కొడితే చెప్పక్కర్లేదు. కిటికీకి ఒకే అద్దం ఉంటే కర్టెన్ ఎంత మందంగా ఉన్నా లాభం లేదు. అదే హోటల్‌లో వెనక వైపు గదికి ఈ బాధ ఉండదు, రేటు మాత్రం ఒక్కటే. అడిగినవాళ్లకు ఇస్తారు, అడగనివాళ్లకు రోడ్డు వైపుది వస్తుంది.

రెండోది ఫంక్షన్ హాలు. ఊరి బయట హోటళ్లలో చాలావాటికి కిందనో పక్కనో ఒక బాంకెట్ హాలు ఉంటుంది. ముహూర్తాల రోజుల్లో రిసెప్షను, డీజే, బాణసంచా. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు వాడకూడదని రూలుంది గానీ, పదిన్నరకు వధూవరులు స్టేజీ ఎక్కేచోట రూలు ఎవరు చదువుతారు?

మూడోది కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ తెలిసిందే. కరెంటు పోతే లైటు, ఫ్యానుకే జనరేటరు ఇచ్చి ఏసీ ఆపేసే హోటళ్లు ఉంటాయి. దీన్ని సూటిగా అడగాలి. సంభాషణ ఇలా ఉంటే చాలు:

"అన్నా, కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ కూడా నడుస్తాదా?"

"నడుస్తాది సార్, అన్ని రూములకూ బ్యాకప్ ఉండాది."

"ఆ రోజు మీ హాల్లో ఫంక్షన్ ఏమన్నా ఉందా?"

"ఒక్క నిమిషం సార్... శనివారం రిసెప్షన్ ఒకటి ఉండాది."

"అయితే వెనక పక్క, మూడో ఫ్లోర్‌లో రూం ఇయ్యి. మా డ్రైవర్ పడుకోడానికి ఏమన్నా ఉందా?"

డ్రైవర్ ప్రశ్న మర్చిపోకండి. బస ఏర్పాటు లేకపోతే అతను కార్లోనే దోమల మధ్య పడుకుంటాడు. మర్నాడు 100 కిలోమీటర్లు మనల్ని తీసుకెళ్లేది నిద్రలేని ఆ మనిషే. ఊళ్లో లాడ్జీల పక్కన డ్రైవర్‌కి చవక గది ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. హైవే మీద దొరకడం కష్టం.

ఇంకొకటి కూడా మ్యాప్‌లోనే తేల్చుకోవచ్చు. మీరు వచ్చే వైపునే హోటల్ ఉందా, అవతలి వైపుందా? నాలుగు లైన్ల రోడ్డు మధ్యలో డివైడర్ ఉంటుంది. అవతలి వైపైతే ముందుకెళ్లి అండర్‌పాస్ కింద తిరిగి రావాలి. రాత్రి భోజనానికి ఎదురుగా డాబా కనిపిస్తోంది కదా అని పిల్లల్ని పట్టుకుని ఆ రోడ్డు నడిచి దాటడం మాత్రం వద్దు.

తిండి

దీనికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు, ఊరిదే గెలుపు. చైన్ హోటల్ బఫేలో ఇడ్లీ, ఉప్మా, బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్, ఒక మూల కట్ చేసిన పుచ్చకాయ ముక్కలు ఉంటాయి. ఏ ఊళ్లో తిన్నా అదే రుచి. కర్నూలు వచ్చి ఉగ్గాని తినకుండా పోతే వచ్చినట్టే కాదు. నానబెట్టిన బొరుగులు పిండి, తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. బజ్జీ చల్లారితే సగం మజా పోతుంది, అందుకే పార్శిల్ కట్టించుకోకుండా అక్కడే నిలబడి తినాలి. ఎర్రకారం పూసిన దోసె, జొన్నరొట్టె కూడా ఊళ్లోనే. హైవే హోటల్‌లో దిగినవాళ్లు టిఫిన్ లేని రేటు తీసుకుని, బయల్దేరేటప్పుడు ఊళ్లో ఆగి తినిపోతే డబ్బులూ మిగులుతాయి, నోరూ సంతోషిస్తుంది.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

కర్నూలు పెద్దాసుపత్రిలో మనవాళ్లను చూపించడానికి వచ్చినవాళ్లకు చైన్ హోటల్ ఊసే వద్దు. ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో లాడ్జీ తీసుకోండి. రాత్రి ఒకరు పేషెంట్ దగ్గర, ఇంకొకరు గదిలో మార్చి మార్చి ఉండాలి కాబట్టి దూరం పనికిరాదు. పరీక్షకు వచ్చే పిల్లలకైతే సెంటర్ ఏ కాలేజీలో పడిందో చూసి దాని దగ్గర గది చూడండి.

విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులు వస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. వాళ్లు దిగిన 24 గంటల్లో హోటల్‌వాళ్లు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. ఆ అలవాటు లేని చిన్న లాడ్జీలు "గదులు లేవు" అని తప్పించుకుంటాయి. చైన్ హోటళ్లకు అది రోజువారీ పని. అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య కుటుంబానికి ఆ ఒక్క కారణం చాలు.

ఐదుగురు, ఆరుగురు కలిసి వెళ్లే ఇంటికి ఇంకో తేడా. లాడ్జీలో ఒక గదిలో అదనంగా పరుపు వేసి ఇవ్వడానికి పెద్దగా పట్టింపు ఉండదు, మాటల్లో తేలిపోతుంది. చైన్‌లో గదికి ఇద్దరు పెద్దలు, మూడో మనిషికి వేరే చార్జి, పిల్లల వయసు కూడా అడుగుతారు. యాప్‌లో ఇద్దరని పెట్టి కౌంటర్ దగ్గర నలుగురు దిగితే అక్కడ వాదన తప్పదు, నిజమైన లెక్కే ముందుగా వేయండి.

గదులు దొరకని రోజులు

శ్రావణ బహుళ పాడ్యమి, విదియ, తదియల్లో రాఘవేంద్ర స్వామి ఆరాధన. ఆ రోజుల్లో మంత్రాలయమే కాదు, కర్నూలు దాకా గదులు నిండిపోతాయి. శివరాత్రికి శ్రీశైలం వెళ్లేవాళ్లు, కార్తీక సోమవారాలకు యాగంటి వెళ్లేవాళ్లు, దసరా రాత్రి దేవరగట్టు బన్ని (కర్రల సమరం) చూడాలనుకునేవాళ్లు ఒక్కో వైపు గదులు పట్టేస్తారు. ఇలాంటి రోజుల్లో చైన్ హోటల్ రేటు యాప్‌లో పూటపూటకీ పెరుగుతుంది. లాడ్జీలో రేటు అంతగా మారదు, కానీ గదే ఉండదు. కాబట్టి ముందుగా, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న రేటుకు చైన్‌లో ఒక గది పట్టి పెట్టుకుని, తర్వాత మఠం గది దొరికితే దీన్ని రద్దు చేసుకోవడం తెలివైన పని. ఏ తారీఖు, ఎన్ని గంటల దాకా రద్దుకు డబ్బులు పట్టుకోరో బుకింగ్ కాగితంలో చూసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

అప్పటికీ కుదరకపోతే మంత్రాలయం కోసం కర్నూలునే పట్టుకుని కూర్చోకండి. ఎమ్మిగనూరు, ఆదోని, అవతలి వైపు రాయచూరు కూడా చూడండి, మూడూ మంత్రాలయానికి కర్నూలు కంటే దగ్గరే. రాయచూరు కర్ణాటకలోకి వస్తుంది కాబట్టి అద్దె కారులో వెళ్లేవాళ్లు రాష్ట్రం దాటడానికి పర్మిట్ ఉందా, ఆ డబ్బు ఎవరు కట్టాలి అన్నది కర్నూలులో బండి ఎక్కకముందే డ్రైవర్‌తో మాట్లాడుకోండి.